తాడు లాగింది ఎవరు?

రెజ్యూమెల్లో తరచూ కనిపించే మాట ‘టీమ్ ప్లేయర్’. ఇంటర్వ్యూలో ఆ మాట పట్టుకుని ‘ఏదీ, ఒక ఉదాహరణ చెప్పండి’ అనగానే చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టు పేరెత్తుతారు. ‘అందులో మీరు చేసిందేమిటి?’ అన్న రెండో ప్రశ్నకు గొంతు తడారిపోతుంది. రిపోర్టు మీద నాలుగు పేర్లు, లోపల ఒక్కరి పని. ఈ సంగతి మీకు తెలుసు, మీ గైడుకు తెలుసు, ఎదురుగా కూర్చున్నవాళ్లకూ తెలుసు.

తప్పంతా మీదే అనలేం. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా ర్యాంకుల వేటలో పక్కవాడు పోటీదారుడే గానీ తోటివాడు కాదు. ఆటల పీరియడ్‌నూ లెక్కల సారే తీసేసుకున్నారు. పదహారు, పదిహేడేళ్ల వయసులో నలుగురితో కలిసి ఒక పని మొదలుపెట్టి, గొడవపడి, సర్దుకుని, పూర్తిచేసే అవకాశం ఎంతమందికి దొరికింది? అప్పుడు రాని అలవాటు, ప్లేస్‌మెంట్లకు ముందు రెండు వారాల సాఫ్ట్‌స్కిల్స్ క్లాసులతో రమ్మంటే రాదు.

కలిస్తే బలం అంటాం. అది సగం నిజమే. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ మనుషుల చేత తాడు లాగించి, ఒంటరిగా ఎంత బలంగా లాగుతున్నారో, గుంపులో ఎంత లాగుతున్నారో కొలిచారు. 1913లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. గుంపు పెరిగేకొద్దీ మొత్తం బలం పెరిగింది గానీ, ఒక్కొక్కరి వాటా తగ్గుతూ వచ్చింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఒక కారణం. ‘మిగతావాళ్లు లాగుతున్నారుగా’ అనే ధీమా ఇంకో కారణం. ఎవరెంత చేశారో విడిగా తెలిసే ఏర్పాటు ఉంటే ఈ ధీమా తగ్గుతుందని తర్వాతి కాలపు మనస్తత్వ శాస్త్రవేత్తలు గుర్తించారు. మీ ప్రాజెక్టులో లేనిది సరిగ్గా అదే!

మరి ఇప్పుడేం చేయాలి? మీ ఊళ్లో, మీ కాలనీలో టీనేజీ పిల్లలున్నారు. యువజన సంఘమో, గ్రంథాలయమో, మీ కాలేజీ ఎన్ఎస్ఎస్ యూనిట్ దత్తత తీసుకున్న గ్రామమో ఉంది. వాళ్లకు వారానికి గంటసేపు జట్టుగా పనిచేయడం నేర్పండి. నేర్పేవాళ్లే ముందు నేర్చుకుంటారు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఖోఖోతో మొదలుపెట్టండి. సంప్రదాయ పద్ధతిలో ఎనిమిది మంది వరసలో, పక్కపక్కవాళ్లు ఎదురు దిక్కులకు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదోవాడు తరుముతాడు. తరిమేవాడు మధ్య గీత దాటకూడదు, ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు. ఎంత వేగంగా పరిగెత్తినా, సరైన సమయంలో సరైనవాడికి ‘ఖో’ ఇవ్వకపోతే అవుట్ దొరకదు. పని అప్పగించడమంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే పాఠం లేదు.

రెండోది గోపుర నిర్మాణం. ఇరవై స్పఘెట్టీ పుల్లలు, కొంచెం టేపు, కొంచెం దారం, ఒక మార్ష్‌మాలో మిఠాయి ఇచ్చి, 18 నిమిషాల్లో తనంతట తాను నిలబడే ఎత్తయిన గోపురం కట్టమనే ఆట ప్రపంచమంతా ఆడుతున్నారు. పీటర్ స్కిల్‌మన్ రూపొందించిన ఈ ఆటను ఎన్నో బృందాలతో ఆడించిన టామ్ వూజెక్, అప్పుడే బిజినెస్ స్కూలు నుంచి బయటికొచ్చినవాళ్ల కన్నా కిండర్‌గార్టెన్ పిల్లలే మెరుగ్గా కడుతున్నారని చెప్పారు. పెద్దవాళ్ల సమయం పెత్తనం ఎవరిదో తేల్చుకోవడానికి, ప్లాను గీయడానికే సరిపోతోంది. పిల్లలు మొదటి నుంచే మిఠాయి పైన పెట్టి చూస్తూ, పడిపోతే మళ్లీ కడుతున్నారు. మనకు పాత న్యూస్‌పేపర్లు, టేపు, పైన పెట్టడానికో నిమ్మకాయ చాలు.

అయితే ఆట దగ్గరే ఆపేస్తే అది కాలక్షేపమే. ఆట కాగానే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి మాట ఎవరూ వినలేదు? ఏ పని ఎవరిదో తెలియక ఆగిపోయింది? మళ్లీ ఆడితే ఏం మారుస్తారు? అసలు పాఠం ఈ పది నిమిషాల్లోనే ఉంది.

రెండు జాగ్రత్తలు. ఓడినవాళ్లను పక్కన కూర్చోబెట్టే ఆటలు వద్దు. అందరికన్నా ఎక్కువగా నేర్చుకోవాల్సిన పిల్లలే ముందు బయటికెళ్లిపోతారు. ‘కళ్లు మూసుకుని వెనక్కి పడిపో, మేం పట్టుకుంటాం’ లాంటి సాహసాలూ వద్దు. నమ్మకం అలా రాదు, నడుం విరుగుతుంది. ఆడపిల్లలకు లెక్కలు రాసే పని, మగపిల్లలకు పెత్తనం అని పంచకండి. బాధ్యతలు వారం వారం మార్చండి.

తర్వాత నిజమైన పని అప్పగించండి. వినాయక చవితి మండపమే తీసుకోండి. చందాలు, అనుమతులు, కరెంటు, ప్రసాదం, నిమజ్జనం, చివర్లో పైసాతో సహా లెక్క. ఇంత పని చేసిన కుర్రాడు ఇంటర్వ్యూలో ‘నాకు అనుభవం లేదు సార్’ అంటాడు! ఎన్ఎస్ఎస్‌దీ అదే కథ. 1969లో మొదలైన ఈ పథకంలో రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. సర్టిఫికెట్ కోసం హాజరు వేయించుకున్నవాళ్లకు కాగితమే మిగులుతుంది. శిబిరంలో యాభై మందికి వంట చేయించినవాళ్లకు చెప్పుకోవడానికి అనుభవం మిగులుతుంది.

కాలేజీలకూ ఒక మాట. ప్రాజెక్టు మార్కులు బృందానికి కొన్ని, విడిగా ఒక్కొక్కరికి కొన్ని వేయండి. ఎవరు ఏం చేశారో వారం వారం సంతకంతో రాయించండి. నలుగురి భారం మోసే ఆ ఒక్కరికి న్యాయం జరుగుతుంది, మిగతా ముగ్గురికి పని వస్తుంది.

మీరు మాత్రం కాలేజీ మారేదాకా ఆగకండి. ఈ ఆదివారమే పదిమంది పిల్లల్ని పోగుచేయండి. రోజూ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి: ఏం అనుకున్నాం, ఎక్కడ చెడింది, నేనేం చేశాను. మూడు నెలలు ఇలా రాస్తే ‘అందులో మీరు చేసిందేమిటి?’ అన్న ప్రశ్నకు తడుముకోవాల్సిన పని ఉండదు.