క్వార్టరు కంపెనీది, జీతం కంపెనీది... దెబ్బలు మాత్రం ఇంటి విషయమా?

బొగ్గుగనుల ప్రాంతంలో ఇంట్లో జరిగే హింస గురించి ఎవరు మాట్లాడినా మాట తాగుడు దగ్గర మొదలై తాగుడు దగ్గరే ఆగిపోతుంది. "తాగొచ్చి కొట్టిండు, తెల్లారితే మామూలే" అంటారు. తాగుడు మీద పోరాడిన చరిత్ర మన స్త్రీలకు ఉంది. ఆ పోరాటం వల్లే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వమే దాన్ని సడలించింది. అయితే తాగని మగవాడు కూడా భార్యను కొడుతున్నాడు. తాగినవాడు ఎంత మత్తులో ఉన్నా పై అధికారి మీద చెయ్యెత్తడం లేదు. కాబట్టి నేరమంతా సీసా మీదికి నెట్టి ఊరుకుంటే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. దెబ్బలు తిన్న స్త్రీ ఎక్కడికి పోవాలి? పోయిన చోట ఆమెకు ఏం జరుగుతుంది?

ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో సుమారు 37 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింసకు గురైనవాళ్లే. చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1983లో వచ్చిన 498ఎ సెక్షను 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. 2005లో చేసిన గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. ఫోను చేయడానికి 181, 112 ఉన్నాయి. సఖి కేంద్రాలు ఉన్నాయి, షీ టీములు ఉన్నాయి, ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇన్ని ఉండి కూడా ఆమె ఒంటరిగానే ఎందుకుంది?

నాకు కనబడే కారణం ఒక్కటే. వీటిలో ఏ ఒక్కటీ పక్కదానితో మాట్లాడదు. ఆస్పత్రిలో చేతికి కట్టు కట్టి "జారి పడ్డది" అని రాస్తారు. పోలీసు స్టేషన్లో కౌన్సెలింగ్ అంటారు. కౌన్సెలింగ్‌లో సర్దుకుపొమ్మంటారు. లాయరు డాక్టరు కాగితం ఏదమ్మా అంటాడు. ప్రతి బల్ల ముందూ ఆమె తన కథ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ఫైలు మోసేది దెబ్బలు తిన్న మనిషే! నాలుగోసారి చెప్పేసరికి ఆమె అలిసిపోతుంది. పిల్లల్ని తీసుకుని అదే ఇంటికి తిరిగిపోతుంది. "కేసు రాజీ అయింది" అని అందరూ రాసుకుంటారు.

ఈ తిరుగుడు తప్పించడానికే చట్టం రక్షణాధికారి అనే పదవి పెట్టింది. సంఘటన నివేదిక రాయడం, మెజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టించడం, వైద్యం, వసతి, న్యాయ సహాయం అందేలా చూడడం ఆ అధికారి పని. మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా ఉండాలని, 60 రోజుల్లో కేసు తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలోనే ఉంది. కానీ జిల్లా, తాలూకా స్థాయిలో రక్షణాధికారులను గుర్తించి నియమించమని 2025 మే నెలలో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చిందంటే ఇన్నేళ్ల అమలు ఎలా ఉందో మనమే అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు రామకృష్ణాపూర్ సంగతికి వద్దాం. మందమర్రి ఏరియాలోని ఈ బొగ్గు ఊళ్లో కార్మిక కుటుంబం బతుకంతా సింగరేణి చుట్టూ తిరుగుతుంది. ఉండే క్వార్టరు కంపెనీది. జ్వరమొస్తే వెళ్లే ఆస్పత్రి కంపెనీది. నెల జీతం కంపెనీది. గొడవ వస్తే పంచాయితీకి కూర్చునేది యూనియన్ నాయకుడు. మరి గృహహింస మీద పనిచేసే సంస్థల జాబితా రాసినప్పుడు పోలీసులు, కోర్టు, సఖి అని రాసి కంపెనీని ఎందుకు వదిలేస్తున్నాం? ఇక్కడ కంపెనీ లేని సమన్వయం సగం సమన్వయమే అని నా అభిప్రాయం.

చట్టం కూడా ఈ మాటకు బలమిస్తోంది. 20వ సెక్షను ఆరో ఉపవిభాగం చూడండి. కోర్టు చెప్పిన డబ్బు భర్త ఇవ్వకపోతే, అతని జీతంలో కొంత భాగాన్ని నేరుగా ఆమెకు చెల్లించమని గాని, కోర్టులో జమ చేయమని గాని మెజిస్ట్రేటు యజమానిని ఆదేశించవచ్చు. జీతం చీటీలో ప్రావిడెంట్ ఫండ్ కోత ఉంటుంది, అప్పు వాయిదాల కోత ఉంటుంది, యూనియన్ చందా కోత ఉంటుంది. భార్యాపిల్లల తిండికి ఒక కోత ఉండకూడదా? అలాగే 17వ సెక్షను ఆమెకు కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. 19వ సెక్షను కింద కొట్టినవాడినే ఆ ఇంట్లోంచి బయటికి పొమ్మని కోర్టు చెప్పవచ్చు. క్వార్టరు అతని పేరున ఉంది కాబట్టి ఆమె రోడ్డు మీద పడాలనడం చెల్లదు. ఇక ప్రభుత్వం నోటిఫై చేసిన వైద్యకేంద్రాలకు ఒక బాధ్యత ఉంది. అప్పటికి సంఘటన నివేదిక రాసి లేకపోతే ఆస్పత్రి బాధ్యులే దాన్ని నింపి రక్షణాధికారికి పంపాలని నిబంధనలు చెబుతున్నాయి. సింగరేణి ఆస్పత్రులన్నీ ఈ పని చేసి తీరాలని మనం అడగాలి.

"కేసు పెడితే ఆయన నౌకరి పోతది కద, అప్పుడు మేమేం తినాలె?" అని ఇక్కడి అక్కచెల్లెళ్లు నన్ను అడుగుతుంటారు. ఈ భయం అబద్ధం కాదు. ఇల్లంతా ఒక్క నౌకరి మీదే నడుస్తున్నప్పుడు ఆ నౌకరే ఆమె నోరు మూయిస్తుంది. అందుకే ఒక మాట ప్రతి మీటింగులో చెప్పాలి. గృహహింస చట్టం కింద రక్షణ కోరడం క్రిమినల్ కేసు కాదు. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన ఎవరి ఉద్యోగమూ పోదు. ఉత్తర్వును ధిక్కరిస్తేనే నేరం, దానికి ఏడాది వరకు జైలు గాని, 20 వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని ఉంటాయి.

కలిసి పనిచేయడం కుదురుతుందా అనేవాళ్లకు ఉదాహరణలున్నాయి. ఒకప్పుడు వేల్స్ బొగ్గు ఓడలెక్కిన రేవు పట్టణం కార్డిఫ్. అక్కడ 2003లో పోలీసులు, ఆస్పత్రి, ఇళ్ల శాఖ, స్త్రీల సంస్థలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ప్రాణాపాయంలో ఉన్న స్త్రీల పరిస్థితిని ఒక్కొక్కటిగా చర్చించడం మొదలుపెట్టారు. బాధితురాలి తరఫున మాట్లాడేందుకు ఒక కార్యకర్త ఉంటుంది. ఆ పద్ధతి తర్వాత బ్రిటన్ అంతా పాకింది. అంత దూరం ఎందుకు, బొంబాయిలో 1984లోనే పోలీసు వ్యవస్థ లోపల సోషల్ వర్కర్లతో ప్రత్యేక విభాగం పెట్టారు. 2000 దశకం మొదట్లో అక్కడి మునిసిపల్ ఆస్పత్రిలో 'దిలాసా' కేంద్రం వచ్చింది.

మందమర్రి ఏరియాకు అడగాల్సింది ఇది. నెలకొకసారి రక్షణాధికారి, స్టేషన్ అధికారి, సఖి కార్యకర్త, కంపెనీ డాక్టరు, పర్సనల్ విభాగం అధికారి, న్యాయసేవల సంస్థ, పిల్లల రక్షణ విభాగం, స్థానిక స్త్రీల సంఘం ఒకచోట కూర్చోవాలి. ఆమె కథ ఒక్కసారే రాసుకోవాలి, దాన్ని ఆఫీసులే చేతులు మార్చుకోవాలి. ఎవరు ఏ పని ఏ తేదీకి చేస్తారో కాగితం మీద ఉండాలి. కాంట్రాక్టు కార్మికుల భార్యలను మరిచిపోకూడదు. వాళ్లకు క్వార్టరు అండ కూడా లేదు. జీతం ఇచ్చే కాంట్రాక్టరు కూడా చట్టం ముందు యజమానే.

జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి. కాలనీలో గోడలకు చెవులుంటాయి, అందరూ అందరికీ తెలిసినవాళ్లే. ఆమె ఒప్పుకోకుండా ఒక్క ముక్క బయటికి పోకూడదు. ఈ కమిటీ ఇంకో రాజీ పంచాయితీగా మారకూడదు. కాపురం నిలబెట్టడం దాని పని కాదు, ఆమె ప్రాణం, పిల్లల ప్రాణం నిలబెట్టడమే దాని పని.

యూనియన్లకు ఒక మాట. గనిలో ప్రమాదం జరిగితే రక్షణ చర్యలేవని మేనేజిమెంటును నిలదీస్తారు. మంచిదే. క్వార్టరులో జరిగే ప్రమాదం గురించి కూడా అడగండి. పిట్ సెక్రటరీ కొట్టినవాడి పక్కన నిలబడితే ఏ కమిటీ వేసినా ఫలితముండదు. మనం ఈ కోరికలు రాసుకుని ఏరియా జనరల్ మేనేజరు దగ్గరికి, జిల్లా కలెక్టరు దగ్గరికి కలిసి వెళదాం. సంతకాలు క్వార్టరు క్వార్టరు తిరిగి సేకరిద్దాం.