చెరసాలలో వకీలు

1919లో రౌలటు చట్టము వచ్చినపుడు దేశమంతటను ఒక్క మాట మారుమ్రోగినది: వకీలు లేదు, వాదన లేదు, అప్పీలు లేదు. ఆ యాగ్రహము నెరిగిన దేశమే తన రాజ్యాంగమును తాను వ్రాసికొన్నపుడు, అరెస్టయిన ప్రతివానికిని తన కిష్టమైన వకీలును సంప్రదించు హక్కును 22వ అధికరణమున నొసగి, ముందుజాగ్రత్తకై నిర్బంధింపబడినవానికి మాత్రము ఆ హక్కు వర్తింపదని అందే చేర్చినది. నేరము చేసెనను ఆరోపణకు గురియైనవానికి వకీలు కలడు. చేయునేమోయని శంకింపబడినవానికి లేడు! ఈ తారతమ్యమునకు సమాధానము మాకు నేటివరకును దొరకలేదు.

1979లో కాఫిపోసా చట్టము క్రింద ఒక బ్రిటిషు వనితను నిర్బంధించి తీహారు జెయిలున నుంచిరి. ఆమె తన వకీలును చూడవలెనన్న జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావలెను. మాటలాడునపుడు కస్టమ్సు అధికారి ప్రక్కన నుండవలెను. స్మగ్లింగును పట్టుకొను శాఖవాడే ఆమె రహస్యములను వినుటకు కూర్చుండుననుట! అనుమతి లభించినను, నిర్ణయించిన గడియకు ఆ యధికారి రాకున్న వకీలు వచ్చిన దారినే పోవలసినదే. 1981 జనవరి 13న జస్టిస్ భగవతి, జస్టిస్ ఫజల్ ఆలీ గార్లు ఫ్రాన్సిస్ కొరాలీ కేసున ఈ నిబంధనను కొట్టివేసిరి. వకీలును సంప్రదించుట మనుష్యుడై గౌరవముతో జీవించు హక్కులోనిదేయనియు, అది 21వ అధికరణమున నిమిడియున్నదనియు తీర్పు చెప్పిరి. జెయిలు అధికారి కంటితో చూడవచ్చునుగాని చెవితో వినరాదు. 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి మహాసభ ఆమోదించిన న్యాయవాదుల సూత్రములలో 8వదియు నిదియే.

నిర్దోషికి దాచుకొనవలసిన దేమున్నదని కొందరు ప్రశ్నింతురు. పోలీసు చెవి ప్రక్కనుండగా నిర్దోషియు నోరు విప్పడు. సగము విన్న వకీలు సగమే వాదించును. వకీళ్లు నేరగాండ్రకు వార్తాహరులగుదురను భయమును కొత్తది కాదు. నేరమును సాగించుటకై చెప్పిన మాటకు రక్షణ లేదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పినది. దాని స్థానమున వచ్చిన 2023 చట్టపు 132వ సెక్షనును అట్లే చెప్పుచున్నది. కక్షిదారుని రహస్యములకై దర్యాప్తువారు వకీలునే పిలిపించుట తగదని సుప్రీముకోర్టు 2025 అక్టోబరు 31న మరల హెచ్చరింపవలసి వచ్చినది. ఇన్నేండ్లకును హెచ్చరిక అవసరమగుటయే విచారకరము.

అయినను ఒక వింత మిగిలియున్నది. అదే 1981 డిసెంబరులో, ఏ.కె. రాయ్ కేసున, సలహామండలి యెదుట వకీలు ద్వారా వాదించు హక్కు నిర్బంధితునకు లేదని ఆ కోర్టే నిర్ణయించినది. ప్రభుత్వము వకీలును తెచ్చినచో ఇతడును తేవచ్చును. లేనిచో మిత్రుని సాయమే గతి. జెయిలులో వకీలుతో గుసగుసలాడవచ్చును, ఆ వకీలు మండలి గుమ్మము మాత్రము త్రొక్కరాదు! ఇందుకు రాజ్యాంగమును సవరింపనక్కరలేదు. రాజ్యాంగము హక్కునీయలేదేగాని, పార్లమెంటు ఈయరాదనలేదు. జాతీయ భద్రతా చట్టమున 11వ సెక్షను 4వ ఉపసెక్షనును, కాఫిపోసాయందలి అట్టి నిబంధనను తొలగించు చిన్న బిల్లు చాలును. దానిని ప్రవేశపెట్టు సభ్యుడెవ్వరు?