సముద్రం దాటిన నెట్, బీరువా దాటలేదు

కిందటి వర్షాకాలంలో పోర్ట్ బ్లెయిర్ నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంటున్న మనిషి. "నాలుగు రోజులుగా నెట్ లేదురా. సముద్రంలో కేబుల్ తెగిపోయిందంటున్నారు" అన్నాడు. ఎవరంటున్నారంటే, టీ కొట్టు దగ్గర. మా చెల్లెలు పరీక్ష ఫారం నింపాల్సిన ఆఖరి వారం అది. ఫిర్యాదు చేస్తే "మా వైపు అంతా బాగానే ఉంది" అని జవాబొచ్చిందట.

"పక్కింట్లో వస్తోందా బాబాయ్?" అని అడిగాను. కనుక్కుని చెప్పాడు, వస్తోంది. "మీ ముందు గదిలో?" ఫోన్ పట్టుకుని నడిచి చూశాడు. అక్కడా వస్తోంది! చెల్లెలు చదువుకునే వెనక గదిలోనే రావడం లేదు. వానకు గోడ చెమ్మగిల్లుతోందని పిన్ని ఇనప బీరువాను జరిపించింది. అది సరిగ్గా రూటర్‌కు అడ్డంగా వచ్చి నిలబడింది.

నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఆ నాలుగు రోజుల గురించి నాకు ఒక ఫిర్యాదు ఉంది. అది కంపెనీ మీద కాదు, బాబాయ్ మీదా కాదు. ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చి, దాన్ని చూసుకునే విద్యను మాత్రం ఇవ్వని మన పద్ధతి మీద.

ఈ దీవులకు నెట్ ఎంత దూరం నుంచి వస్తోందో చూడండి. చెన్నై నుంచి అండమాన్ నికోబార్‌కు వేసిన సముద్ర గర్భ కేబుల్ పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు సుమారు రూ.1,224 కోట్లు. 2018 డిసెంబర్ 30న శంకుస్థాపన జరిగింది, 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు ఆ కాంతి తీగ చేరింది.

అంతకు ముందు దీవులన్నీ ఉపగ్రహం మీద ఆధారపడేవి. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన ప్రశ్న పైకి వెళ్లి కిందికి దిగాలి, జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందికి దిగాలి. అంటే నాలుగు సార్లు ఆ దూరం. కాంతి వేగంతో పోయినా దాదాపు అర సెకను పడుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నైకి, పోర్ట్ బ్లెయిర్‌కు మధ్య సూటి దూరం 1,400 కిలోమీటర్ల లోపే. వెళ్లి రావడానికి సెకనులో వెయ్యో వంతులు పద్నాలుగైతే చాలు. మధ్యలోని యంత్రాలు తీసుకునే సమయం కలిపినా పాత కాలంతో పోలికే లేదు.

సముద్రం అడుగున కేబుల్ నిజంగా తెగుతూనే ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా 150 నుంచి 200 దాకా ఇలాంటి లోపాలు తలెత్తుతాయి. వాటిలో ఎక్కువ భాగానికి కారణం చేపల వలలు, ఓడల లంగర్లు. అప్పుడు ఇంజనీర్లు సముద్రమంతా వెతకరు. ఒడ్డునే కూర్చుని తీగలోకి చిన్న కాంతి మెరుపును పంపుతారు. లోపం ఉన్న చోటు నుంచి తిరిగొచ్చే వెలుతురుకు ఎంత సమయం పట్టిందో కొలిచి, దూరం లెక్కగట్టి, ఓడను సరిగ్గా అక్కడికే పంపుతారు.

ఇంట్లో మనం చేయగలిగిందీ అదే రకం పని. దానికి పనికొచ్చే 'పింగ్' అనే చిన్న ప్రోగ్రామును అమెరికాకు చెందిన మైక్ మూస్ 1983 డిసెంబర్‌లో రాశారు. నీటిలోకి శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గామి ఎక్కడుందో పసిగట్టే సోనార్ చప్పుడు పేరే దానికి పెట్టారు. సముద్రం మధ్య బతికేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి పేరు ఉండదు. కంప్యూటర్‌లో పింగ్ అని కొట్టి రూటర్ సంఖ్యను, చాలా ఇళ్లలో అది 192.168.1.1, ఇవ్వండి. రూటర్ అడుగున చీటీ మీద ఆ సంఖ్య రాసి ఉంటుంది. జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో వస్తుంటే ఇంటి లోపలి దారి బాగున్నట్టే. వందలు దాటుతున్నా, మధ్యమధ్యలో జవాబే రాకపోయినా తప్పు మన గోడల మధ్యే ఉంది. రూటర్ పలుకుతోంది, బయట 8.8.8.8 పలకడం లేదు అంటే తప్పు ఇల్లు దాటాక ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ. అంకెలతో అడిగితే జవాబొచ్చి, పేరుతో అడిగితే వెబ్‌సైట్ తెరుచుకోకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర గొడవ. అసలు కంప్యూటర్‌కే 169.254తో మొదలయ్యే చిరునామా కనబడితే, రూటర్ నుంచి దానికి చిరునామా అందలేదని అర్థం. రూటర్‌ను ఆపి మళ్లీ వేస్తే తరచుగా సర్దుకునేది ఇలాంటివే.

పింగ్ కన్నా ముందు పెట్టె మీది లైట్లు చూడాలి. ఫైబర్ కనెక్షన్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసిన లైటు ఎర్రగా వెలుగుతుంటే కాంతి ఇంటిదాకా రావడం లేదు. రూటర్‌ను వందసార్లు ఆపి వేసినా లాభం లేదు. బయట తీగ తెగి ఉండొచ్చు, లేదా ఇంట్లోనే తీగ మంచం కోడు కింద నలిగి ఉండొచ్చు. గాజు తీగ బాగా వంగితే కాంతి మలుపు తిరగలేక బయటికి జారిపోతుంది. వంపును సరిచేస్తే కొన్నిసార్లు ఎర్ర లైటు ఆరిపోతుంది. తీగ కొసను మాత్రం ఊడదీసి చూడకండి. కాంతి నడిచే దారి వెడల్పు సుమారు 9 మైక్రోమీటర్లే, ఒక్క దుమ్ము కణం చాలు మూసేయడానికి. పైగా ఆ కాంతి పరారుణం, కంటికి కనబడదు. లేదనుకుని కంటికి దగ్గరగా పెట్టుకోవడం తెలివైన పని కాదు.

వాన గురించి ఒక మాట. వానొస్తే వై-ఫై తగ్గుతుందని అక్కడ చాలామంది నమ్మకం. ఉపగ్రహం రోజుల అనుభవం కావచ్చు. టీవీ డిష్‌లు వాడే అధిక పౌనఃపున్యాలు భారీ వానకు నిజంగానే బలహీనపడతాయి. కానీ ఇంట్లో పది మీటర్లు పోయే 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి వాన వల్ల కలిగే నష్టం లెక్కలోకి రాదు. వాన దెబ్బ తీసేది వేరే చోట. కరెంటు పోయి వస్తుంటే రూటర్ ఆగి మొదలవుతూ ఉంటుంది. ఉప్పుగాలికి, చెమ్మకు తీగల కొసల్లోని లోహం తుప్పు పడుతుంది. రేకు గోడలు, రేకు తడికెలు, బీరువాలు, ఫ్రిజ్‌లు తరంగాన్ని వెనక్కి తిప్పేస్తాయి. చెక్క గోడ పెద్ద అడ్డు కాదు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటడంలో బలహీనం. దూరపు గదికి 2.4 నయం. రూటర్‌ను ఇంటి మధ్యలో, ఎత్తున, లోహానికి దూరంగా పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు.

ఇదంతా కంపెనీ మనిషి చూసుకోవలసిన పని కదా అంటారు. హైదరాబాద్‌లో ఆ వాదన కొంతవరకు చెల్లుతుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి గ్రేట్ నికోబార్‌కు ఓడలో ఒక రోజుకు పైగా పడుతుంది. ప్రధాన భూభాగం నుంచి విడిభాగం ఓడలో రావాలంటే రెండు మూడు రోజులు, ఓడ ఆ రోజున ఉంటేనే. అలాంటి చోట "నెట్ రావడం లేదు" అనే ఫిర్యాదుకూ, "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, పక్కింట్లో వస్తోంది" అనే ఫిర్యాదుకూ తేడా, మెకానిక్ సరైన సామానుతో బయలుదేరడమా, ఉత్త చేతులతో వచ్చి చూసి పోవడమా అన్నది.

నేను అడిగేది చిన్నదే. ప్రతి కనెక్షన్‌తో పాటు ఒక్క కాగితం ఇవ్వాలి. ఏ లైటు ఏమిటో, మొదట ఏం చూడాలో, ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలో అందులో ఉండాలి. అది ఆ ఇంటి భాషలో ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం, నికోబారీ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఐదు భాషల్లో ఒక్కో పేజీ అచ్చువేయడం కోట్ల పని కాదు. బడిలో కాంతి పరావర్తనం చెప్పే ఉపాధ్యాయుడు ఆ పాఠం తరువాత ఒక్క పీరియడ్ పింగ్‌కు ఇస్తే, కొలిచి తేల్చుకోవడమంటే ఏమిటో పిల్లలు ఇంటికెళ్లి చేసి చూడగలరు. పదో తరగతి చదివే పిల్ల ఉన్న ఇంటికి అంతకన్నా మెకానిక్ అక్కరలేదు.

మా చెల్లెలు ఫారం ఆఖరి రోజున, ముందు గదిలో కూర్చుని నింపింది. ఆ తరువాత తనే ఒక కాగితం మీద లైట్ల సంగతి, పింగ్ సంఖ్యలు తెలుగులో రాసి రూటర్ పక్క గోడకు అంటించింది. అడుగున పిన్ని తన చేత్తో ఇంకో వరుస చేర్చింది: బీరువా జరపరాదు.