మట్టికిని విమోచనము కలదు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో తనఖా పడిన పొలమును బాకీ తీర్చి తిరిగి స్వాధీనము చేసికొనుటను 'విడిపించుకొనుట' యందురు. క్రైస్తవ మందిరములలో వినవచ్చు 'విమోచన' యను పదమునకును అర్థ మిదియే. ఒకటి తెనుగు, రెండవది సంస్కృతము, భావమొక్కటే. పరాధీనమైన దానిని వెల చెల్లించి విడిపించుట విమోచనము. అయినను ఆ మాట వినగానే పెక్కుమందికి స్ఫురించునది ఆత్మ యొక్కటియే. దేహము మట్టిలో కలియును, లోకము నశించును, ఆత్మ పరమునకు చేరును. ఇంతటితో రక్షణకథ సమాప్తమని తలంతురు. ఈ తలంపు క్రైస్తవుల గ్రంథము చెప్పినదానిలో సగమునకును చాలదని నా అభిప్రాయము.

లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయము చూడుడు. పేదరికముచే ఒకడు పొలము నమ్ముకొన్నచో, అతని సమీప బంధువు వచ్చి దానిని విడిపింపవలెను. బంధువు లేకపోయినను, ఏబదియవదగు సునాద సంవత్సరమున ఆ పొలము మొదటి యింటికి మరలవలెను. ఏడేండ్ల కొకసారి నేలకును విశ్రాంతి నీయవలెను. భూమి దేవునిది, దానిని దున్నువారు కౌలుదారుల వంటివారు. ఇదియే ఆ శాసనమునకు మూలసూత్రము. ఇచట విమోచన పొందునది నేల.

మన విద్యార్థులకు 'శాపవిమోచనము' తెలియని మాట కాదు. గజేంద్రమోక్షము చదివినవారు ఏనుగును జ్ఞాపకముంచుకొందురు గాని మొసలిని మరతురు. ఆ మకరియు శాపము తీరి గంధర్వుడై వెడలెను. ఆదికాండములోను ఒక శాపమున్నది. అది మానవుని మూలమున నేలకు తగిలిన శాపము. నేరము నరునిది, ముండ్లతుప్పలు నేలవి! అట్లయిన నరుడు క్షమింపబడి, నేల మాత్రము శాపగ్రస్తమై మిగులుట ఏపాటి న్యాయము? అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయమున దీనికి సమాధానము కలదు. సమస్త సృష్టియు క్షయమునకు దాస్యము చేయుచు విడుదలకై ఎదురుచూచుచున్నదని ఆయన భావము. ఆ బాధను ఆయన పురిటినొప్పులతో పోల్చెను. మరణబాధకు తుది శవము. పురిటినొప్పులకు తుది శిశువు. లోకము కాలి బూడిదగుటయే తుది యని ఆయన నమ్మినచో ఈ ఉపమానము నెన్నుకొనియుండడు.

జలప్రళయానంతరము దేవుడు చేసిన నిబంధన నోవహుతో మాత్రమే గాక పశుపక్ష్యాదులతోను చేసినదే. నీనెవె పట్టణముపై కనికరము చూపుటకు చెప్పిన కారణములలో అచటి పశువులును ఉన్నవి. కొలొస్సయుల పత్రిక భూమిమీదివియు పరలోకమందలివియు సర్వమును క్రీస్తునందు సమాధానపడుట గూర్చి చెప్పుచున్నది. ఇన్నింటిని విడిచి ఆత్మనొక్కదానిని పట్టుకొనుట గ్రంథమును కత్తిరించి చదువుటయే.

ఇందుకు రెండు ఆక్షేపణలు కలవు. రెండును తేలికగా త్రోసివేయదగినవి కావు.

మొదటిది: భూమి లేనివానికి భూమి విమోచనము బోధించుట పరిహాసము కాదా? 1842లో హయ్యరు దొర గుంటూరు చేరినది మొదలు ఈ సీమలో క్రైస్తవ మతము పుచ్చుకొన్నవారిలో అధికులు మాలలు, మాదిగలు. పరుల పొలములలో పాటుపడినవారు. వారికి నీ ఆత్మకు విలువ కలదను మాటయే తొలి విమోచనము. బడిలో చోటు, చేతిలో పుస్తకము, ఆసుపత్రిలో పడక ఆ మాట వెంటనే వచ్చినవి. దానిని తక్కువచేసి మాటాడు హక్కు ఎవ్వరికిని లేదు. కాని సునాద సంవత్సర శాసనము భూమి పోగొట్టుకొన్న వానిని నిందించుట లేదు. భూమిని పట్టుకొన్న వానిని ఆజ్ఞాపించుచున్నది. కావున సృష్టి విమోచనమను విశ్వాసము మొట్టమొదట బరువగునది కలవారికే.

ఈ మాట గాలిలో చెప్పునది కాదు. తెనాలికి చేరువనున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు వధింపబడిరి. శవములు మురుగుకాలువ పాలైనవి. వారిని సమాధిచేసిన చోటికి ప్రజలు 'రక్తక్షేత్ర'మని పేరిడిరి. 2007లో ప్రత్యేక న్యాయస్థానము ఇరువది యొక్కరికి యావజ్జీవ శిక్ష విధింపగా, 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. క్షేత్రమనగా పొలము, క్షేత్రమనగా పుణ్యస్థలము. ఆ పేరు పెట్టినవారు నిఘంటువు చూచి పెట్టలేదు. ఐనను రెండర్థములును అందు ఇమిడినవి. హేబెలు రక్తము నేలనుండి మొరపెట్టెనని ఆదికాండము చెప్పును. ఆ మొర తీరనిదే ఆ నేలకు శాపవిమోచనము లేదు. న్యాయమును దాటవేసి పచ్చదనమును మాత్రము కీర్తించు సృష్టిప్రేమ వట్టి ఉద్యానవన విలాసము.

రెండవ ఆక్షేపణ: దేవుడే సమస్తమును నూతనపరచునపుడు మనము చేయవలసిన దేమున్నది? పంట దేవుడిచ్చునని నమ్మిన రైతు నారు పోయుట మానడు. నమ్మినవాడు గనుకనే పోయును. 1977 నవంబరు 19నాటి తుపాను కృష్ణా ముఖద్వారములను ముంచినపుడు వేలాది జనము మడిసిరి. బాపట్లలో తలదాచుకొన్న చర్చి కూలి సుమారు నూరుగురు మరణించిరి. దేవుని యింట చేరినవారే అట్లు పోయిరి. ప్రకృతి కోపమునకు దైవకోపమని పేరుపెట్టి ఊరకుండుట ఆ మృతులకు అపచారము. ఉప్పెన పోటును తగ్గించు శక్తి గల మడ అడవులు రేపల్లె, నిజాంపట్నముల వైపు తీరమున నున్నవి. వేరులు నీట పాతుకొని నిలిచిన ఆ చెట్లు తీరవాసులకు కోటగోడ వంటివి. రొయ్యల చెరువులు విచ్చలవిడిగా పెరిగిన చోట్ల మడలు తరుగుటయు, ఇరుగుపొరుగు పొలములకును మంచినీటికిని ఉప్పు సోకుటయు సంభవించినవి. 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు తీరమందలి అట్టి చెరువులను గూర్చి కఠినమైన తీర్పు చెప్పవలసి వచ్చినది. ఒక మడమొక్క నాటుట సువార్తసభలో సాక్ష్యము చెప్పుటకు తీసిపోదు. కాలువలో చెత్త పోయకుండుటయు అంతియే. కృష్ణ నీరు నేటికిని తెనాలి నడుమ మూడు కాలువలై పారుచున్నది. ఆ నీరు త్రాగు పైరునకు మతము లేదు.

ఈ విశాలభావము మన సాహిత్యమునకు క్రొత్త కాదు. జాషువ కవి 1941లో 'గబ్బిలము' వెలయించెను. గుడిలోనికి రానీయబడని నరుడు, గుడిలో స్వేచ్ఛగా వ్రేలాడు గబ్బిలముచేత శివునికి తన గోడు చెప్పి పంపును. కాళిదాసు యక్షునికి మేఘము దూత. ఈ అభాగ్యునికి అపశకునమని లోకము తరుముకొట్టు ప్రాణి దూత. తరువాత 'క్రీస్తు చరిత్ర' వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినదియు ఆ కవియే. ఆయన పౌలు పత్రికకు వ్యాఖ్య వ్రాసెనని నేననను. కాని వెలివేయబడిన మనుష్యుడును, వెలివేయబడిన ప్రాణియు కలిసి ఒక్క మొర వినిపించుట ఆ కావ్యమున నున్నది. సృష్టియు మానవుడును ఏకకంఠముగా మూలుగుట యనగా నేమో తెలుగువానికి తెలుపుటకు ఇంతకంటె చక్కని పాఠము నాకు కనబడలేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, యోహాను సువార్తలో ఒక చిన్న ఘట్టమున్నది. సమాధినుండి లేచిన క్రీస్తును మగ్దలేనే మరియ తోటమాలి యనుకొన్నది. ఆమె పొరబడెనని చెప్పి ముందునకు సాగుదుము. కాని మొదటి మానవుడు తోటలో నుంచబడినది దానిని సేద్యపరచి కాచుటకే గదా! తోట చెడినచోటనే క్రొత్త తోటమాలి నిలిచియుండుట ఆలోచింపదగినది. ఏ మతస్థులైన పిల్లలకైనను ఈ ఘట్టమును, గజేంద్రమోక్షమును, గబ్బిలమును ఒక్కచోట చేర్చి చెప్పవచ్చును. చెప్పి, మన యూరి చెరువు, మన యూరి వెలివాడ, మన తీరపు మడ, వీనిలో ఏది ఎవరి చేత తనఖా పడియున్నదో అడుగుడు. బాకీ ఎంతయో లెక్కకట్టుట వారికి చేతనగును. దానిని తీర్చవలసిన సమీప బంధువులెవరో కూడ వారే చెప్పగలరు.