సంపాదకునికి లేఖ: మైలేజీ తగ్గేది యాక్సిలరేటర్ దగ్గరే

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితిని 2023లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. 120 అన్నది దాటకూడని హద్దే గానీ, అంత వేగంగా వెళ్లి తీరాలన్న నియమం కాదు. కారు మైలేజీ ఇవ్వడం లేదన్న ఫిర్యాదుల్లో కొన్నింటికైనా జవాబు ఈ తేడాలోనే ఉంది.

కారుకు ఎదురయ్యే గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 80 నుంచి 120కి చేరితే వేగం ఒకటిన్నర రెట్లవుతుంది, గాలి నిరోధం రెండుంబావు రెట్లవుతుంది. టైర్ల రాపిడి, ఇంజను లోపలి నష్టాలు అంతగా పెరగవు కనుక పెట్రోలు ఖర్చు అదే నిష్పత్తిలో పెరగదు. అయినా హైవే మీద పెద్ద భారం గాలిదే. మరీ నెమ్మదిగా, కింది గేర్లలో లాగించినా నష్టమే. చాలా కార్లు టాప్ గేరులో 50–80 మధ్య నిలకడగా సాగితేనే లీటరుకు ఎక్కువ దూరం ఇస్తాయి.

అంత ఖర్చుకు కలిసొచ్చే సమయం ఎంత? వంద కిలోమీటర్లకు 80 వేగంతో 75 నిమిషాలు, 100తో గంట, 120తో 50 నిమిషాలు పడుతుంది. 100 నుంచి 120కి పెంచితే మిగిలేది పది నిమిషాలు, అదనంగా మీద పడే గాలి నిరోధం 44 శాతం. ఒక్క టోల్‌ప్లాజా క్యూ చాలు, ఆ పది నిమిషాలూ కరిగిపోవడానికి.

ఊళ్లో లెక్క వేరు. అక్కడ పెట్రోలును మింగేది బ్రేకు. కారు వేగం అందుకోవడానికి కాలిన ఇంధనమంతా బ్రేకు తొక్కగానే వేడిగా మారి పోతుంది. ఎర్ర సిగ్నల్ దూరం నుంచే కనిపించినప్పుడు గేరులోనే ఉంచి కాలు తీసేస్తే, ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లు సరఫరాను ఆపేస్తాయి. దిగుడులో న్యూట్రల్ చేస్తే ఆదా అన్న నమ్మకం ఇంకా పోలేదు. నిజానికి న్యూట్రల్‌లో ఇంజను తిరగడానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది, పైగా ఇంజను బ్రేకింగూ ఉండదు. టైర్లలో గాలి తగ్గినా మైలేజీ పడిపోతుంది.

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా, ఇంధనం ఆదా కోసమే, 1974లో హైవేల వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే సుమారు 88 కిలోమీటర్లకు, కుదించింది. ముడి చమురులో అధిక భాగం దిగుమతి చేసుకునే మన దేశంలో అంతటి చట్టం లేకపోయినా, డ్రైవింగ్ స్కూళ్లలో ఈ పాఠం చెప్పడం, లైసెన్స్ పరీక్షలో దీని మీద ప్రశ్నలు అడగడం తప్పనిసరి చేయాలి.