పోలి దీపం, కురుసుర జెండాలు

మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజామున ఢిల్లీ పక్కనున్న వైశాలిలో ఎముకలు కొరికే చలి. మెట్రో బ్లూ లైన్ ఇక్కడితో ఆగిపోతుంది. సముద్రం మాట దేవుడెరుగు, పక్కనే పారే హిండన్ నీళ్లు చూస్తే దీపం వదలబుద్ధి కాదు. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లలో పోలి పాడ్యమికి బాల్కనీలోని ప్లాస్టిక్ టబ్బే గోదావరి. అరటి దొప్ప దొరికితే అదృష్టం, లేకపోతే కాగితం పళ్లెం. ముప్ఫై వత్తులు వెలిగించి, వేలితో మూడుసార్లు ముందుకు తోసి, స్వర్గానికి వెళ్లిన పోలమ్మ కథ చెప్పుకుని, పిల్లల్ని బడి బస్సుకి తయారు చేస్తారు.

దాదాపు పక్షం ముందు, కార్తిక పౌర్ణమి నాడు, ఒడిశా వాళ్లు కూడా అరటి బోదెలతో ఇదే పని చేస్తారు. తేడా ఒక్కటే. వాళ్లు వదిలేది దీపం పెట్టిన పడవ. దాని పేరు బొయిత. బాలి, జావా, సుమత్రా దీవులకు బేరానికి బయల్దేరిన పూర్వీకుల ఓడలకు అది గుర్తు. పోలమ్మ దీపం పైకి, స్వర్గానికి పోయింది. వాళ్ల దీపం తూర్పుకి పోయింది. ఆ తూర్పు దిక్కునే పట్టుకుని కటక్‌లో మహానది ఒడ్డున బాలియాత్ర పేరుతో రోజుల తరబడి జాతర చేస్తున్నారు. ఆ ఊళ్లోనే, బ్రిటిష్ కాలపు జోబ్రా వర్క్‌షాపులో, ఓడల మ్యూజియం పెట్టారు. కటక్ సముద్రతీరం కాదు, నది ఒడ్డు ఊరు. అయినా పండగనీ ప్రదర్శననీ ఒక్క తాడుతో కట్టగలిగింది.

మరి విశాఖపట్నం?

విశాఖకి ఏం తక్కువని! ఆర్కే బీచ్‌లో ఇసుక మీద 91 మీటర్ల జలాంతర్గామి ఉంది. రోడ్డుకి అటువైపు టీయూ-142 విమానం. కాస్త నడిస్తే 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం, బీచ్ రోడ్డు మీదే పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం. ఇంత సరంజామా ఒకే రోడ్డు మీద ఉన్న తీరనగరం దేశంలో అరుదు.

వీటిలో రాణి ఆ జలాంతర్గామే, ఐఎన్ఎస్ కురుసుర. 1969 డిసెంబర్ 18న నాటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ల కొలువులో 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. సముద్రంలోంచి ఒడ్డుకి లాగడమే పెద్ద కథ. ఆరు వందల మీటర్ల దూరం జరపడానికి పద్దెనిమిది నెలలు, అయిదున్నర కోట్ల రూపాయలు పట్టాయి. 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. లోపలికి వెళ్తే నడుం వంచక తప్పదు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి దూరాలి. డెబ్బై అయిదు మంది వారాల తరబడి ఇందులో ఎలా బతికారో కాగితం మీద రాసి పెట్టక్కర్లేదు, మోకాలికి తగిలిన దెబ్బ చెబుతుంది. దారి చూపేవాళ్లు రిటైరైన నేవీ వాళ్లు. వాళ్ల మాట వినడానికైనా టికెట్ కొనొచ్చు.

చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచింది ఇదే అనుకుంటారు. 2017లో వచ్చిన సినిమా ‘ఘాజీ’ చలవ అది. 1971 యుద్ధంలో కురుసుర గస్తీ కాసింది అటు అరేబియా సముద్రంలో. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ముందు ఘాజీ మునిగింది. ముంచింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అని మన నేవీ మాట, లోపలి పేలుడో మందుపాతరో అని పాకిస్తాన్ మాట. ఆ మర్నాటి రాత్రే మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేశాయి. డిసెంబర్ 4 నేవీ డే అయింది ఆ దాడి వల్లే.

ఆ నాలుగో తేదీయే విశాఖ తీరానికి పెద్ద పండగ. హెలికాప్టర్లు, యుద్ధనౌకలు, మార్కోస్ కమాండోలు, చీకటి పడ్డాక ఓడల మీద దీపాల తోరణాలు. అసలు ప్రదర్శన కంటే ముందు రోజుల రిహార్సల్సే హాయిగా ఉంటాయని విశాఖవాళ్ల అభిప్రాయం. వీఐపీల గొడవ ఉండదు, ముంత మసాలా తింటూ ఇసుకలో కూర్చుని చూడొచ్చు. కొలువులో ఉన్న నౌకలకు మాత్రమే కట్టే రంగురంగుల సంకేత జెండాల గౌరవం, రిటైరైన కురుసురకీ దక్కుతుంది. 2022లో నేవీ డే ప్రధాన వేడుకను ఢిల్లీ దాటించి మొదట తెచ్చింది విశాఖకే, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చారు. తర్వాతి ఏడాది అది సింధుదుర్గ్‌కి, 2024లో పూరీకి వెళ్లింది. అప్పుడు విశాఖ ప్రదర్శన 2025 జనవరి 4న జరిగింది.

ఈ శీర్షిక తగువు ఇక్కడే. విశాఖ సముద్రానికి ఉన్న ఒకే ఒక్క పెద్ద పండగ నేవీ చేతిలో ఉంది. నేవీ పని నేవీ చక్కగా చేస్తోంది, తప్పు పట్టేందుకు లేదు. కానీ వేడుక ఇంకో ఊరికి వెళ్తే ఇక్కడి తేదీ కదిలిపోతుంది. వైశాలి పిల్లలకైతే డిసెంబర్ 4 ఎప్పుడూ అందదు. అది సెలవు రోజు కాదు. విశాఖలో బామ్మగారింటికి వాళ్లు వెళ్లేది మే నెలలో. అప్పుడు ఆ జలాంతర్గామి పోయినేడు చూసినట్టే ఉంటుంది. ఒకసారి చూసినవాడు రెండోసారి ఎందుకు రావాలి?

రప్పించే తేదీలు లేక కాదు. ఓసారి క్యాలెండర్ తిప్పితే చాలు. మార్చి 14: సింధియా షిప్‌యార్డులో తయారైన ‘జల ఉష’ని 1948లో నెహ్రూ నీటిలోకి దించిన రోజు. ఏప్రిల్ 5: 1919లో ‘ఎస్ఎస్ లాయల్టీ’ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరిన గుర్తుగా జాతీయ నౌకాయాన దినం. ఆ మర్నాడే ఏప్రిల్ 6: 1942లో జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేసిన రోజు. అప్పటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలోనే ఉంది. అక్టోబర్ 7: 1933లో ‘జలదుర్గ’ ఓడతో విశాఖ రేవు తెరుచుకున్న రోజు. ఊళ్లో ఉన్న బాంబుకి, ఊళ్లో పుట్టిన ఓడకి ఏడాదికి ఒక్క సాయంత్రం కేటాయించలేమా?

ఇక ఓడంటే యుద్ధనౌకే అన్నట్టు ఉంది మన వరస. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ ఉంది. తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజుదే అనే పాత అలవాటుని ఎత్తేసి, సుంకం తప్ప ఏమీ తీసుకోనని కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో శాసనం వేయించాడు. ఓడలు కట్టే రేవుగా పేరుపొందిన కోరంగిని 1839 నవంబర్‌లో ఉప్పెన తుడిచిపెట్టింది. వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా నెల రోజుల ప్రదర్శనకి సరిపోతుంది. కోరంగి కథని తుపాన్ల నెలలో, హుద్‌హుద్ చూసిన జనానికి చెబితే వేరే అలంకారం అక్కర్లేదు.

అమెరికాలో మిస్టిక్ సీపోర్ట్ అనే ఓడల మ్యూజియం ఉంది. 1841 నాటి తిమింగలాల వేట ఓడ అక్కడి ఆకర్షణ. ఆ ఒక్క ఓడనే నమ్ముకుని కూర్చోలేదు వాళ్లు. జూన్‌లో చెక్క పడవల సంబరం చేస్తారు, డిసెంబర్‌లో లాంతర్లు పట్టుకుని పాత రేవు చూపిస్తారు.

చెక్క పడవల సంబరానికి విశాఖలో ముహూర్తం ప్రభుత్వమే పెట్టి ఉంచింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మరబోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. మరమ్మతులు, రంగులు, వల అల్లకాలు అన్నీ అప్పుడే. వేట లేని ఆ రెండు నెలలు జాలరి ఇంట్లో రాబడి ఉండదు, ప్రభుత్వం ఇచ్చే భృతి మీద నెట్టుకు రావాలి. తెప్ప కట్టడం, వల అల్లడం, చుక్కల్ని చూసి దిక్కు పట్టడం బడి పిల్లలకు చూపించే పనికి రోజుకూలీ ఇచ్చి వాళ్లనే పిలవచ్చు. కురుసుర పక్కన ఇసుకలో నాలుగు తాటాకు పందిళ్లు వేస్తే ప్రదర్శనశాల సిద్ధం. మే ఎండకి పగలు ఎవరూ రారు నిజమే, కానీ సాయంత్రం బీచ్‌లో జనానికి కొదవ ఉండదు.

వైశాలి నుంచి అప్పుడే బయల్దేరతారు పిల్లలు. ఢిల్లీలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒకటిన్నర రోజు కూర్చుని, దువ్వాడ దాటగానే కిటికీలోంచి సముద్రం ఎక్కడని అడుగుతారు.