బండి ఆయిల్‌కి బ్యాటరీ పర్సెంటేజ్ ఉంటే?

హిందూపురం నుంచి పెనుకొండ దగ్గరి ఎర్రమంచి కియా ప్లాంట్ వైపు రోజూ బైక్ మీద వెళ్లొచ్చే ఫ్రెండ్స్ నాకున్నారు. రానుపోను దాదాపు 80 కిలోమీటర్లు. నెలకి 25 రోజులంటే 2,000. వాళ్లందరి డౌట్ ఒకటే: "ఆయిల్ బాగానే ఉంది కదరా, ఇప్పుడే మార్చాలా?"

జవాబు మన వంటింట్లోనే ఉంది. శెనక్కాయల నూనె డబ్బా మూత తీసి ఉంచితే కొన్నాళ్లకి ముక్కిపోయిన వాసన వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ చేసే పని అది. ఇంజిన్‌లోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే ఫాస్ట్ ఫార్వర్డ్‌లో. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ వేగం సుమారుగా రెట్టింపవుతుంది. ఫ్రీ రాడికల్స్ ఒకదాన్నుంచి ఒకటి పుడుతూ పోతాయి, అచ్చం వాట్సాప్ ఫార్వర్డ్‌లా. చివరికి మిగిలేది యాసిడ్లు, జిగట మడ్డి, చిక్కబడ్డ ఆయిల్.

ఈ చెయిన్‌ని తెంపడానికే ఆయిల్‌లో యాంటీఆక్సిడెంట్లు కలుపుతారు. ఫినాల్, అమైన్ రకాలు ఫ్రీ రాడికల్‌కి హైడ్రోజన్ ఇచ్చి శాంతపరుస్తాయి. జింక్ ఉండే జెడ్‌డీడీపీ పెరాక్సైడ్లను విరగ్గొడుతుంది, పార్టుల అరుగుదలనీ తగ్గిస్తుంది.

అసలు పాయింట్ ఏంటంటే, ఇవి పనిచేస్తూ పనిచేస్తూ ఖర్చయిపోతాయి. ఉన్నంతకాలం ఆయిల్‌లో పెద్ద తేడా తెలీదు. అయిపోయాక మాత్రం గబగబా పాడవుతుంది. ఫోన్ కూడా 2% దాకా బాగానే పనిచేస్తుంది కదా! ఫోన్‌లో ఆ నంబర్ కనిపిస్తుంది, బైక్‌లో కనిపించదు. రంగు చూసి కూడా తేల్చలేం. మసిని పట్టుకుని తనలో ఉంచుకునే డిటర్జెంట్ల వల్ల మంచి ఆయిలూ నల్లబడుతుంది.

అందుకే మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు, నెలలు, రెండిట్లో ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. ధర్మవరంలో చీరలు తీసుకుని మగ్గాల ఇంటి నుంచి షాపుదాకా మాత్రమే తిరిగే బండికీ ఇదే రూల్. చిన్న చిన్న ట్రిప్పుల్లో ఇంజిన్ సరిగా వేడెక్కక తేమ, పెట్రోల్ ఆయిల్‌లో చేరతాయి.

విడిగా అమ్మే యాడిటివ్ సీసాలు పోయకండి. కంపెనీ కలిపిన పాళ్లు చెడిపోవచ్చు. గేర్ బైక్‌లో కారు ఆయిల్ కూడా వద్దు, క్లచ్ జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉందేమో చూడండి.

ఆయిల్ ఖర్చు వందల్లో, ఇంజిన్ పని వేలల్లో. ఈసారి మార్చిన రోజే మీటర్ ఫొటో తీసి, ఫోన్‌లో రిమైండర్ పెట్టేయండి. బైక్ చూపించని పర్సెంటేజ్ మీ ఫోనే చూపిస్తుంది.